ఉప్పునీళ్ల ఊళ్లో పట్టు దిండు గలీబులు, దుప్పట్లు ఉతుక్కోవడం

అనంతపురంలో బోరు నీళ్లతో తలస్నానం చేసిన రోజు జుట్టు ఎట్లా ఉంటుందో మనందరికీ తెలుసు. దువ్వెన దిగదు, చేత్తో పట్టుకుంటే కొబ్బరి పీచులా తగులుతుంది, ఎంత షాంపూ వేసినా నురగ రాదు. అవే నీళ్లలో పట్టు దిండు కవరు ముంచితే దానికీ అదే గతి, ఎందుకంటే జుట్టూ ప్రొటీనే, పట్టూ ప్రొటీనే. పట్టును ఇంట్లో ఉతికితే పాడైపోతుందని భయపడి చాలామంది ప్రతిసారీ డ్రైవాష్‌కి ఇచ్చేస్తుంటారు. నేను చూసినంతలో పట్టును పాడుచేసేది ఉతకడం కాదు. మన ఉప్పునీళ్లు, మనం వేసే సోడా పౌడరు, మన మిద్దె మీద ఎండ, ఈ మూడే.

నాకు ఇది తెలిసేసరికి ఒక గలీబు పోయింది. జుట్టు తెగకుండా ఉంటుందని తేనె రంగు మల్బరీ పట్టు దిండు కవరు ఒకటి కొనుక్కున్నాను, ఏప్రిల్‌లో మామూలు బట్టలతో పాటే బకెట్లో నానబెట్టి, రోజూ వాడే పౌడరే వేసి, పన్నెండింటికి మిద్దె మీద తీగకు ఆరేశాను. సాయంత్రానికి గట్టిపడి, మెరుపంతా పోయి, అంచు పొడుగునా తీగ తుప్పు మరకతో చేతికొచ్చింది. చాలా బాధేసింది. అది చూసి మా అవ్వ ఒక్క మాట అనింది: "తలకేం పెట్టుకుంటావో దానికీ అదే పెట్టల్ల పాపా. పట్టుకు సోడా చూపిస్తే నిలుస్తాదా?" ఆమె పట్టు చీరలు నలభై ఏళ్లవి ఇప్పటికీ కట్టుకునేలా ఉన్నాయి కాబట్టి ఆ మాట గట్టిగా పట్టుకున్నాను. అప్పటి నుంచి నేను పాటిస్తున్న పద్ధతే ఇది.

ముందు అది పట్టేనా

సాటిన్ అని రాసి ఉంటే పట్టు అనుకోవద్దు. సాటిన్ అనేది నేత రకం, దారం పేరు కాదు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే 'సిల్కీ సాటిన్' దిండు కవర్లలో ఎక్కువ భాగం పాలిస్టర్, వాటికి ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు, మిషన్లో వేసేయొచ్చు. అసలు పట్టుకు సెంట్రల్ సిల్క్ బోర్డు 2004లో మొదలుపెట్టిన సిల్క్ మార్క్ లేబుల్ ఉంటే సరే. లేకపోతే లోపలి కుట్టు దగ్గర ఒక్క దారప్పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని స్టవ్ మంట మీద చూపించండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన నల్ల బూడిద వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి ముత్యంలా ఉండ కడుతుంది.

లేబుల్ మీద 19 మామీ, 22 మామీ అని ఉంటే అది బట్ట బరువు. ఒక మామీ అంటే చదరపు మీటరుకు సుమారు 4.34 గ్రాములు, అంటే 22 మామీ గుడ్డ చదరపు మీటరు 95 గ్రాముల దాకా తూగుతుంది. వారం వారం ఉతికే దిండు కవరుకు 22 తీసుకుంటే ఎక్కువ కాలం నిలుస్తుంది, 16 కంటే తక్కువైతే త్వరగా పల్చబడుతుంది.

నీళ్లు

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. సబ్బు పడగానే అవి దానితో కలిసి పెరుగు విరిగినట్టు తెల్లటి తెట్టుగా మారతాయి, ఆ తెట్టు పోగు మీద అతుక్కుని ఎన్నిసార్లు జాడించినా పోదు. పట్టు మెరుపు తగ్గి, బిరుసెక్కేది దానివల్లే. మీ నీళ్లు ఎట్లాంటివో తెలియకపోతే ఖాళీ బాటిల్లో సగం నీళ్లు పోసి, చిన్న సబ్బు ముక్క వేసి, మూతపెట్టి బాగా ఊపండి. నురగ నిలబడితే మంచి నీళ్లు, నురగ లేకుండా నీళ్లు పాలలా తెల్లబడితే ఉప్పునీళ్లు. స్నానాల గదిలో ట్యాపులకు తెల్లగా గార కట్టి ఉంటే ఈ పరీక్ష కూడా అవసరం లేదు.

ఇంట్లో కుళాయి నీళ్లో, సత్యసాయి తాగునీటి పథకం నీళ్లో వస్తుంటే అవి వాడుకోండి, బోరు నీళ్ల కంటే చాలా నయం. ఏవీ లేకపోతే ఫిల్టర్ నీళ్ల క్యాను. తాగే నీళ్లు బట్టలకా అని మనసుకు కష్టంగానే ఉంటుంది, సంవత్సరానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో ఉన్నాం మరి. కానీ రెండు దిండు కవర్లకు మొత్తం పన్నెండు లీటర్లు చాలు: నాలుగు లీటర్లు ఉతకడానికి, నాలుగూ నాలుగూ జాడించడానికి. ఆ నీళ్లు పారబోయకుండా ఇల్లు తుడవడానికి వాడుకోవచ్చు. అన్ని కూడా లేవంటే ఉతకడం బోరు నీళ్లతోనే కానిచ్చి, చివరి జాడింపు మాత్రం మంచి నీళ్లతో చేయండి, ఆ ఒక్కదానికే తేడా చేతికి తెలుస్తుంది. వానాకాలంలో మిద్దె నుంచి పడే నీళ్లు, మొదటి జల్లు వదిలేసి తర్వాతవి పట్టుకుంటే, పట్టుకు అంతకంటే మంచివి లేవు. బోరు నీళ్లను మరగబెట్టి చల్లార్చి పైన తేట వంచుకుంటే ఉప్పు కొంత తగ్గుతుంది కానీ అంతా పోదు.

ఇంకొకటి, ఎండాకాలం మధ్యాహ్నం ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత కాగి ఉంటాయి. పట్టుకు 30 డిగ్రీలు దాటకూడదు. అందుకే పొద్దున్నే, ఆరు ఏడు గంటలప్పుడు ఉతుక్కోండి.

సబ్బు, కుంకుడుకాయ

మామూలు పౌడర్లలో సోడా ఉంటుంది, అది క్షారం, క్షారం ప్రొటీన్‌ను తినేస్తుంది. పైగా చాలావాటిలో మరకలు పోవడానికి ప్రొటియేజ్ అనే ఎంజైమ్ కలుపుతారు, దాని పనే ప్రొటీన్‌ను విడగొట్టడం, అది రక్తం మరకా పట్టుపోగా అని చూడదు. క్లోరిన్ బ్లీచ్ అయితే పట్టును ఏకంగా కరిగించేస్తుంది. కాబట్టి పౌడరు వద్దు, సబ్బు బిళ్ల వద్దు, బ్లీచ్ పేరే ఎత్తొద్దు.

ధర్మవరంలో అద్దకం పని చేసేవాళ్లు పట్టును సబ్బు, సోడా వేసి ఉడకబెడతారు కదా, మరి మనం వేస్తే ఏమవుతుంది అని మా చెల్లెలు అడిగింది. మంచి ప్రశ్నే. హిందూపురం మార్కెట్‌కు వచ్చే పట్టుగూళ్లనుంచి తీసిన పచ్చి దారానికి సెరిసిన్ అనే జిగురు పూత ఉంటుంది, దారం బరువులో అది ఇంచుమించు నాలుగో వంతు దాకా ఉంటుంది. ఆ జిగురు తీసేస్తేనే లోపలి అసలు పట్టు పోగు, అంటే ఫైబ్రాయిన్, మెరుస్తుంది, రంగు పడుతుంది. ఆ ఉడకబెట్టడం లెక్క ప్రకారం, ఒక్కసారే చేసే పని. మన చేతికొచ్చిన గుడ్డలో తీయాల్సిన జిగురు లేదు, ఇంక సోడా వేస్తే అది తినేది పట్టునే.

ఏం వేయాలంటే, పట్టుకూ ఉన్నికీ అని రాసి ఉండే ఈజీ, జెంటీల్ లాంటి లిక్విడ్లు బాగానే పనిచేస్తాయి, నాలుగు లీటర్లకు ఒక చెంచా చాలు. అత్యవసరమైతే చిన్నపిల్లల షాంపూ. నాకు మాత్రం రంగు గుడ్డలకు కుంకుడుకాయే ఇష్టం. ఎనిమిది పది కాయలు చితక్కొట్టి, గింజలు తీసేసి, అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పొద్దున చేత్తో బాగా పిసికి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టండి, పిప్పి ఒక్క తునక కూడా ఉండకూడదు, అది గుడ్డకు అంటుకుంటే గోధుమ రంగు చుక్క పడుతుంది. తెల్లవి, మీగడ రంగువి కుంకుడు రసంలో వేయొద్దు, కాలక్రమంలో పచ్చబడతాయి. వాటికి లిక్విడే మంచిది.

ఉతికే పద్ధతి

మొదటిసారి ఉతికేటప్పుడు రంగు పోతుందేమో చూసుకోండి. లోపలి కుట్టు దగ్గర తడి తెల్లగుడ్డ పెట్టి ఒక నిమిషం అదిమి పట్టండి. రంగు దిగితే ఆ గుడ్డను ఒంటరిగా, ఇంకా త్వరగా ఉతకాలి, లేదా డ్రైవాష్‌కే ఇచ్చేయాలి. ఎరుపు, ముదురు ఆకుపచ్చ, నేరేడు రంగుల దగ్గర జాగ్రత్త.

కవరును లోపలి వైపు బయటకు తిప్పండి, జిప్పు ఉంటే వేసేయండి. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, ముందు లిక్విడో కుంకుడు రసమో కలిపి, ఆ తర్వాతే గుడ్డ వేయండి. నేరుగా గుడ్డ మీద పోస్తే పోసినచోట మచ్చ పడొచ్చు. మూడు నాలుగు నిమిషాలు నీళ్లలో అటూ ఇటూ కదిలిస్తూ మెల్లగా అదమండి, అంతే. రుద్దకూడదు, బండకేసి కొట్టకూడదు, బ్రష్ అసలు తాకించకూడదు. తడిసినప్పుడు పట్టు బలం 10 నుంచి 20 శాతం దాకా తగ్గుతుంది, ఎండినప్పుడు ఓర్చుకున్న రాపిడిని తడిగా ఉన్నప్పుడు ఓర్చుకోలేదు, పోగులు లేచి గుడ్డ మీద తెల్లటి గీతలు పడేది అందుకే. నానబెట్టి వంటపని చూసుకుని వద్దామనుకోవద్దు, అరగంట నానితే రంగు కదులుతుంది.

రెండుసార్లు జాడించండి. బోరు నీళ్లతో ఉతికి ఉంటే మొదటి జాడింపులో రెండు చెంచాల తెల్ల వెనిగర్ కలపండి, అతుక్కున్న క్షారం విరిగి మెరుపు కొంత తిరిగి వస్తుంది, ఆ తర్వాత మళ్లీ మంచి నీళ్లు. జరీ ఉన్న గుడ్డకు మాత్రం వెనిగర్ వద్దు.

పిండొద్దు. ఎత్తి నీళ్లు కారనిచ్చి, పొడి టవలు మీద పరిచి, చాపలా చుట్టి, చుట్టను అరచేతులతో అదిమితే నీళ్లన్నీ టవలు తాగేస్తుంది.

దుప్పటి అయితే ఇదే పద్ధతి, కానీ ఒక్కరివల్ల కాదు, తడిసిన డబుల్ కాట్ దుప్పటిని ఎత్తేటప్పుడు రెండు వైపులా ఇద్దరు పట్టుకోవాలి, లేకపోతే దాని బరువుకు అదే సాగుతుంది. మిషన్ తప్పదంటే వల సంచిలో పెట్టి, డెలికేట్ మోడ్‌లో, చల్లని నీళ్లతో, స్పిన్ నిమిషానికి 400 చుట్ల కంటే పెంచకుండా, హుక్కులూ జిప్పులూ ఉన్న బట్టలేవీ లేకుండా. సెమీ ఆటోమేటిక్ మిషన్ డ్రయర్‌లో మాత్రం వేయకండి, అందులో తిరిగి వచ్చిన ముడతలు ఇస్త్రీకి కూడా లొంగవు.

ఆరేయడం, ఇస్త్రీ

మన దగ్గర ఎండకు కరువు లేదు కాబట్టి ఏదైనా మిద్దె మీద ఆరేయడం అలవాటు. పట్టుకు ఆ అలవాటు మానుకోవాల్సిందే. నేరుగా ఎండ తగిలితే తెల్ల పట్టు పచ్చబడుతుంది, రంగుది వెలిసిపోతుంది, పోగు పెళుసెక్కుతుంది. ఇంట్లో ఫ్యాన్ కింద, లేదా గాలి ఆడే వరండాలో, ఇనప తీగ మీద కాకుండా పాత పంచె పరిచిన దండెం మీద వేయండి. మే నెలలో అయితే అరగంట గంటలోపే ఆరిపోతుంది. క్లిప్పులు పెడితే గుర్తులు పడతాయి, సగానికి మడిచి వేలాడదీస్తే సరిపోతుంది.

పూర్తిగా ఆరకముందే, చేతికి కాస్త చెమ్మ తగులుతుండగా తీసి ఇస్త్రీ చేయాలి. ఇస్త్రీ పెట్టె మీద సిల్క్ గుర్తు దగ్గర పెట్టి, లోపలి వైపు, పైన పల్చటి నూలు గుడ్డ పరిచి, ఒకేచోట ఆపకుండా. బాగా ఆరిపోయిందని నీళ్లు చిలకరించొద్దు, చుక్కలు పడినచోట మచ్చలుగా నిలిచిపోతాయి, దానికి బదులు తడి టవల్లో చుట్టి పావుగంట ఉంచండి. వీధిలో బండి మీద బొగ్గుల పెట్టెతో చేసేవాళ్లకు ఇవ్వడం నేను మానేశాను. వాళ్లకు పని రాక కాదు, ఆ పెట్టెకు వేడి తగ్గించే మీట ఉండదు.

మరకలు

దిండు కవరుకు అన్నిటికంటే పెద్ద శత్రువు తలనూనె. కొబ్బరినూనె గాని ఆముదం గాని రాసుకున్న రాత్రి పట్టు దిండు పక్కన పెట్టి నూలు కవరు వేసుకోండి, నేనదే చేస్తాను. పొరపాటున అంటితే నీళ్లు తగలనివ్వకుండా టాల్కం పౌడరో మొక్కజొన్న పిండో మందంగా చల్లి రాత్రంతా వదిలేయండి, పొద్దున మెత్తటి గుడ్డతో దులిపి, కావాలంటే ఇంకోసారి చల్లి, అప్పుడు ఉతకండి. నూనె పాతబడితే పచ్చటి మరకగా మారి, ఇక పోదు.

రక్తం మరకకు వెంటనే చల్లని నీళ్లు, వేడి నీళ్లు తగిలితే అక్కడే గట్టిపడిపోతుంది. పసుపు మరక మీద సబ్బు పడితే ఎర్రగా మారుతుంది, చూసి గాభరా పడి ఇంకా రుద్దకండి, అది క్షారానికి పసుపు రంగు మారడమే, వెనిగర్ నీళ్లు తగిలితే మళ్లీ పచ్చగా అవుతుంది. కానీ పసుపు పట్టు మీద నుంచి పూర్తిగా పోవడం కష్టం, ముఖానికి పసుపు రాసుకునే అలవాటున్నవాళ్లు ముదురు రంగు కవర్లు కొనుక్కుంటే టెన్షన్ ఉండదు. మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న క్రీమ్ రాసుకునే పిల్లలుంటే, అది తగిలినచోట రంగు వెలిసిపోతుంది. అది మరక కాదు, ఉతికితే పోయేది కాదు. చెమట కూడా పట్టును మెల్లగా కొరుక్కు తింటుంది, అందుకే ఎండాకాలంలో దిండు కవరు వారానికోసారి, దుప్పటి పది రోజులకోసారైనా ఉతకాలి.

పాత పట్టుచీరలతో కుట్టించినవి

ఇటువైపు చాలా ఇళ్లలో చిరిగిన ధర్మవరం చీరలతో దిండు కవర్లు, సోఫా కుషన్లు, బొంతలు కుట్టిస్తున్నారు. అవ్వల చీర కొంగు రోజూ కళ్ల ముందు ఉంటుంది, నాకూ చాలా ఇష్టం. కానీ వాటిని పైన చెప్పినట్టు ఉతకొద్దు. అంచుకూ ఒంటికీ వేర్వేరు రంగులు, ఒకటి దిగి రెండోదానికి అంటుతుంది. జరీ నీళ్లకు నల్లబడుతుంది, రాగి తీగ మీద పూత పూసిన జరీ అయితే మరీ త్వరగా. పైగా పాత చీర మడతల దగ్గర అప్పటికే చివికి ఉంటుంది. వీటిని దులిపి, నీడలో గాలికి వేసి, ఏడాదికోసారి పెట్రోల్ వాష్‌కి ఇవ్వండి. ఆ పని ఇంట్లో పెట్రోలు తెచ్చి చేయడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే, దయచేసి ఎవరూ ప్రయత్నించకండి. కొత్తగా కుట్టించుకునేవాళ్లు లోపల నూలు గుడ్డ లైనింగ్ వేయించండి, పట్టు మీద లాగుడు పడదు.

లోపల పట్టు దూది నింపిన రజాయి ఉంటే దాన్నీ నీళ్లలో పెట్టొద్దు, లోపల దూది ఉండలు కట్టి మళ్లీ సర్దుకోదు. నూలు కవరు తొడిగి వాడుకుని, ఆ కవరు మాత్రం ఉతకండి. చలికాలం ముందూ తర్వాతా ఒక రోజు నీడలో గాలికి ఆరబెడితే చాలు.

చిన్న చిన్నవి

జుట్టుకు పెట్టుకునే స్క్రంచీలు, కళ్లకు కట్టుకునే మాస్కులు, స్కార్ఫులు ఒక గిన్నెలోనే అయిపోతాయి, రెండు నిమిషాల పని. స్క్రంచీ లోపల ఎలాస్టిక్ ఉంటుంది కాబట్టి వేడి తగలనివ్వకండి. మాస్కులో స్పాంజి ఉంటే టవల్లో బాగా అదిమి, ఫ్యాన్ కింద పడుకోబెట్టి ఆరేయండి, లోపల తడి ఉంటే వాసన వస్తుంది. పెళ్లికి వేసుకునే పట్టు కండువాలు, పంచెలు జరీవే కాబట్టి వాటికీ చీరల నియమమే. ఇంటికి రాగానే మడిచి బీరువాలో పెట్టేయకుండా, ఒక రాత్రి గాలికి వేసి చెమట ఆరిన తర్వాత మడవండి.

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్లో పెట్టొద్దు, చెమ్మ పట్టి మచ్చలొస్తాయి. పాత నూలు పంచె ముక్కలో చుట్టండి, మూడు నెలలకోసారి మడత మార్చండి, లేదంటే మడత గీత వెంబడే చిరుగుతుంది. పురుగు పట్టకుండా బాగా ఎండిన వేపాకు, లవంగాలు చిన్న గుడ్డ సంచిలో కట్టి మూల పెట్టండి. నాఫ్తలీన్ ఉండలైతే గుడ్డకూ జరీకీ తగలకుండా ఉండాలి. కర్పూరం, నాఫ్తలీన్ రెండూ ఒకేచోట మాత్రం పెట్టకండి, అవి కలిస్తే మన ఎండాకాలం వేడికే కరిగి జిడ్డులా కారతాయి.

గోరు తగిలో, కాలి మెట్టె తగిలో పోగు లేస్తే కత్తిరించకండి, అక్కడి నుంచే కన్నం పడుతుంది. సన్న సూది మొన లోపలి వైపు నుంచి పెట్టి ఆ పోగును వెనక్కి లాగేసి, చుట్టూ గుడ్డను వేళ్లతో మెల్లగా సర్దండి. అప్పటికే చిరిగిపోయిన గలీబు ఉంటే పారేయొద్దు, చిరగని భాగం నాలుగు అంగుళాల వెడల్పున కత్తిరిస్తే రెండు మూడు స్క్రంచీలు వస్తాయి. నా మొదటి గలీబు ఇప్పుడు అట్లాగే ఉంది.